శ్రీకాకుళంలో అక్షరాలు నాలుగా, పదా? ఓపెన్‌సోర్స్ డాక్స్‌లో నా మొదటి ఫీడ్‌బ్యాక్

విజయనగరంలో బీటెక్ ఫస్ట్ ఇయర్ చదువుతున్న మా బాబాయ్ కూతురు ఒక రాత్రి వాట్సాప్‌లో స్క్రీన్‌షాట్ పంపింది. "అన్నయ్యా, శ్రీకాకుళంలో అక్షరాలు నాలుగే కదా? ఇది పదంటుంది. నేనేటి తప్పు కొట్టినాను?"

తను తప్పేం కొట్టలేదు. తను చదువుతున్నది ఓ చిన్న ఓపెన్‌సోర్స్ ప్రాజెక్ట్ గైడ్. లెన్ ఫంక్షన్ పదంలో ఎన్ని అక్షరాలున్నాయో చెబుతుందని అందులో ఉంది, ఉదాహరణకి ఒక ఇంగ్లిష్ పదం ఇచ్చారు. ఆ పదానికి కరెక్టే. కానీ పైథాన్ 3 లెక్కపెట్టేది యూనికోడ్ కోడ్ పాయింట్లని. ‘శ్రీ’ ఒక్కటే నాలుగు: శ, పొల్లు, ర, గుడి దీర్ఘం. కా, కు, ళం తలా రెండు. మొత్తం 10. స్ట్రింగ్‌ని తిరగేసే ఉదాహరణైతే ఇంకా సరదా. శ్రీకాకుళం కాస్తా ‘ంళుకాకీర్శ’ అయిపోతుంది. సున్నతో మొదలయ్యే ఊరు!

వెంటనే గిట్‌హబ్‌లో ఇష్యూ పెట్టేశా: "మీ ఉదాహరణ తప్పు, తెలుగుకి పనిచేయదు." రెండ్రోజులకి మెయింటెయినర్ మర్యాదగానే అడిగాడు. ఏ పేజీ? ఏ వెర్షన్? ఏం టైప్ చేశారు? ఏం వస్తుందనుకున్నారు? ఒక్కదానికీ నా ఇష్యూలో జవాబు లేదు. ఆఫీసులో ఎవరైనా "యాప్ పనిచేయట్లేదు" అని బగ్ పెడితే చిరాకు పడేది నేనే మళ్లీ.

ఇంకోసారి రాశా. పేజీలోని ఆ వాక్యం ఉన్నదున్నట్టు, చెల్లి కొట్టిన లైన్, వచ్చిన 10, తను అనుకున్న 4, పైథాన్ వెర్షన్. మొదటిసారి చదివేవాళ్లు ఇక్కడ తప్పు తమదే అనుకుంటారని కూడా చేర్చా. ఎక్కువ పనికొచ్చింది ఆ ముక్కే. డాక్స్ రాసేవాళ్లకి కోడింగ్ ఎప్పుడో అలవాటైపోయింది, కొత్తలో ఎక్కడ తడబడ్డారో వాళ్లకి గుర్తుండదు.

పరిష్కారం దగ్గర మాత్రం కాస్త ఆగాను. అక్షరాల్ని విడగొట్టే లైబ్రరీలున్నాయి. కానీ 2023లో వచ్చిన యూనికోడ్ 15.1కి ముందు నియమాల్లో ‘శ్రీ’ కూడా రెండు ముక్కలే. మొదటి పాఠంలో ఈ గొడవంతా ఎందుకు? ఉదాహరణ అలాగే ఉంచి, కంటికి ఒక్కటిగా కనిపించే అక్షరం కొన్ని భాషల్లో చాలా కోడ్ పాయింట్లు కావొచ్చని కింద ఒక్క లైన్ రాస్తే చాలన్నాను.

మీకూ ఇలాంటిది దొరికితే, ముందు పాత ఇష్యూల్లో ఓసారి వెతకండి. పైథాన్ అధికారిక డాక్స్ సంగతికొస్తే, 2022 నుంచి ఇష్యూలన్నీ గిట్‌హబ్‌లోనే.

"అయితే మార్పు మీరే పంపండి" అన్నాడాయన. చెల్లికి అప్పజెప్పా. "నా ఇంగ్లిష్ బాగోదు అన్నయ్యా" అంటూనే కాలేజీ ల్యాబ్‌లో కూర్చుని ఆ లైన్ రాసి పంపింది. ఆయన ఒక కామా సరిచేసి మెర్జ్ చేశాడు.