పని కనపడే సినిమా, పని కనపడని సినిమా

హిందీ, బెంగాలీ సినిమాల గురించి మన సాహిత్య సభల్లో సాధారణంగా రెండు అభిప్రాయాలు వినపడుతుంటాయి. అవి కళ, మనవి వ్యాపారం అన్నది ఒకటి. అవి పేదరికాన్ని ఎగుమతి చేసి బహుమతులు తెచ్చుకుంటాయన్నది రెండోది. రెండూ సినిమాకు బయట నిలబడి చెప్పే మాటలే. తెరమీద చిరిగిన బట్టలు కనపడినంత మాత్రాన సినిమా అభ్యుదయకరం అయిపోదు. ఆ బట్టలు కట్టుకున్న మనిషి ఎవరి పొలంలో, ఏ షరతు మీద పనిచేస్తున్నాడు, ఆ పనితో ఎవరి గాదె నిండుతోంది - ఈ సంగతి కథను నడిపిస్తోందా లేదా అన్నది నేను మొదట చూస్తాను. ఈ చూపుతో కొన్ని పాత సినిమాలనూ, ఒక కొత్త సినిమానూ పరిశీలిస్తాను. వీటిలో కొన్ని మన నేల మీదనే నడిచే కథలు కావడం యాదృచ్ఛికం కాదు. తెలిసిన నేలను తెరమీద చూసినప్పుడు దర్శకుడు దేన్ని వదిలేశాడో మనకు త్వరగా తెలుస్తుంది.

1977లో మృణాల్ సేన్ ‘ఒక ఊరి కథ’ తీశాడు. ప్రేమ్‌చంద్ ‘కఫన్’ కథ, బెంగాలీ దర్శకుడు, ‘చోమన దుడి’లో చోముడిగా నటించిన కన్నడ నటుడు వాసుదేవరావు, బెంగాలీ నటి మమతా శంకర్, మాట్లాడేది మాత్రం తెలుగు. ‘కఫన్’ చదివిన విద్యార్థులు సామాన్యంగా ఆ తండ్రీ కొడుకులను సోమరిపోతులనీ, హృదయం లేనివాళ్లనీ తీర్పు చెప్పి పుస్తకం మూసేస్తారు. కోడలు నొప్పులు పడుతుంటే బయట కూర్చుని ఆలుగడ్డలు కాల్చుకుతినేవాళ్లను మెచ్చుకోవడం కష్టమే. కాని ప్రేమ్‌చంద్ కథ మధ్యలో ఆగి ఒక సంగతి చెబుతాడు: రాత్రింబగళ్లు ఒళ్లు వంచేవాళ్ల బతుకు వీళ్ల బతుకు కంటే గొప్పగా ఏమీ లేని ఊళ్లో, ఇట్లాంటి మనస్తత్వం పుట్టడం వింత కాదని. కథలో ఇది రచయిత వ్యాఖ్య. సేన్ చేసిన పని ఏమంటే, ఈ తర్కాన్ని రచయిత దగ్గరనుంచి తీసుకుని వెంకయ్య బతుకులో పెట్టాడు. వెంకయ్య పని ఎగ్గొట్టడం చేతగానితనం కాదు, మొండి నిరాకరణ. నేను పని చేస్తే బాగుపడేది దొర అయినప్పుడు నేనెందుకు చేయాలి?

ఇక్కడితో ఆగితే వెంకయ్య వీరుడైపోయేవాడు. ఆ ఇంట్లోకి కోడలుగా వచ్చిన నీలమ్మ ఆ పప్పులు ఉడకనివ్వలేదు. ఆమె పని చేస్తుంది. మగవాళ్ల నిరాకరణ బరువు మోసేది ఆడమనిషి ఒళ్లే అని ఈ సినిమా చూపిస్తుంది. ప్రేమ్‌చంద్ కథలో గుడిసె లోపలినుంచి మూలుగుగా మాత్రమే వినపడే మనిషి ఇక్కడ కాళ్లూ చేతులూ గల మనిషి. మూలకథకు ఇది అన్యాయమని కొందరు అనవచ్చు. నాకు మాత్రం కథను అర్థం చేసుకున్నవాడు చేసిన మార్పుగానే తోస్తుంది. లోపం మరో చోట ఉంది. ఆ ఊరు ఏ ఊరైనా కావచ్చు. గింజల కూలి ఎన్ని శేర్లో, అప్పు ఎవరి దగ్గరో తెలియదు. ఆ లెక్క కూడా ఉండి ఉంటే వెంకయ్య మొండితనం ఇంకా గట్టిగా తగిలేది.

శ్యామ్ బెనెగళ్ ‘నిశాంత్’ (1975) గురించి కొంచెం కఠినంగానే చెప్పాలి. 1945 నాటి తెలంగాణ పల్లె; దొర తమ్ముళ్లు స్కూలు మాస్టారి భార్యను ఎత్తుకుపోతారు. న్యాయం కోసం మాస్టారు అధికారుల చుట్టూ తిరిగే దృశ్యాలు, నేను మాస్టారినే కాబట్టి కావచ్చు, నన్ను వెంటాడాయి. చివర ఊరు తిరగబడుతుంది. ఆ తిరుగుబాటు దోషినీ నిర్దోషినీ వేరుచేయని గుంపుగా మారిపోతుంది. తెలంగాణలో ఆంధ్ర మహాసభ సంఘాలు ఊరూరా వెట్టిని ఎదిరిస్తున్న కాలం అది. 1946 జూలై 4న కడివెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగింది సంఘం ఊరేగింపులోనే. సంఘాన్ని తీసేసి మాస్టారినీ పూజారినీ పెడితే జనం గుంపు కాక ఏమవుతారు? గౌతమ్ ఘోష్ ‘మా భూమి’ (1979) ఇంత నునుపైన సినిమా కాదు, అతుకులు కనపడతాయి. కాని కృషణ్ చందర్ ఉర్దూ నవలనుంచి వచ్చిన ఆ రామయ్య వెట్టినుంచి సంఘందాకా నడిచిన దారి అందులో ఉంది.

సేన్ 1980లో తీసిన ‘అకాలేర్ సంధానే’ను రచయితలంతా చూడాలి. 1943 కరువు మీద సినిమా తీయడానికి పట్నంవాళ్లు ఒక పల్లెకు వస్తారు. వీళ్లు సరుకులన్నీ కొనేయడంవల్ల ఆ ఊళ్లో ధరలు పెరుగుతాయి! ఆకలిని చిత్రించేవాడి భోజనం ఎవరి కంచంలోనుంచి వచ్చిందని అడిగే ధైర్యం ఎంతమంది కళాకారులకు ఉంది?

ఇక మా సీమ సంగతి. 2010లో ‘రక్త చరిత్ర’ రెండు భాగాలుగా హిందీలోనూ తెలుగులోనూ వచ్చి మమ్మల్ని దేశానికి పరిచయం చేసింది. పగ, నరకడం, మళ్లీ పగ. కాంట్రాక్టులు, సారా వేలాలు, గనులు, నీళ్లు, వీటికోసం అనుచరులను పోషించే పెత్తనం - ఇదంతా గొడ్డలి నీడలో కనపడకుండా పోయింది. మనిషి చచ్చే దృశ్యానికి ఇచ్చిన సమయంలో పదోవంతు అతను దేనికోసం చచ్చాడన్న ప్రశ్నకు ఇవ్వలేదు. కొత్తపల్లెనుంచి హైదరాబాదుకు చదవబోయిన మా బడి పిల్లవాణ్ణి హాస్టల్లో మొదటి రోజే, “మీ ఇంట్లో బాంబులున్నాయా?” అని అడిగారట. వాడి నాయన వరినాట్లకూ పత్తి తీతకూ పోయే కూలి.

ఇటీవలి హిందీ సినిమాల్లో నేను ఫోనులోనే చూసినా మనసు పట్టుకున్నది నీరజ్ ఘైవాన్ ‘హోమ్‌బౌండ్’ (2025). దళితుడైన చందన్, ముస్లిం అయిన షోయబ్, ఇద్దరూ పోలీసు కానిస్టేబుల్ ఉద్యోగంకోసం ఆశపడే స్నేహితులు. యూనిఫాం వేసుకుంటే కులమూ మతమూ అడగరన్న నమ్మకం వాళ్లది. చందన్ దరఖాస్తులో తన కులం రాయడానికే వెనకాడతాడు. ఆ తల్లి బడిలో వంట చేస్తే పెద్ద కులాల తల్లిదండ్రులు ఒప్పుకోరు. మధ్యాహ్న భోజనం రోజూ చూసే ఉపాధ్యాయుడికి ఆ దృశ్యం ఉత్తరాదికి మాత్రమే చెందిందని అనుకునే వీలు లేదు. 2020 లాక్‌డౌన్‌లో సూరత్ మిల్లునుంచి ఇంటిదారి పట్టిన ఇద్దరి ప్రయాణం నిజంగా జరిగిన సంఘటన మీద బషారత్ పీర్ రాసిన వ్యాసంనుంచి వచ్చింది.

సినిమాలో కన్నీళ్లు పెట్టించే చోట సంగీతం కాస్త ఎక్కువైంది. మిల్లు భాగం దగ్గర ఇంకొంచెం నిలిచి ఉండవలసింది. ఆ ఇద్దర్నీ రోడ్డు మీదికి తోసింది జబ్బు ఒక్కటే కాదు కదా, పని ఆగిన మర్నాటినుంచి తిండికి పూచీ లేని కూలి పద్ధతి కూడా. అదే ఏప్రిల్‌లో కోసిగి, ఆదోని వైపునుంచి గుంటూరు మిరప చేలకు పోయిన మనవాళ్లు కూడా ఆ చేలగట్ల మీదనే చిక్కుకుపోయారు. వాళ్లలో కొందరి పిల్లలు ఇప్పుడు ఇంటర్మీడియట్ చదివే వయసులో ఉంటారు, అడిగితే చెబుతారు.