శుద్ధపదార్థము, మిశ్రమము: ఎరువు కొనువారు తెలియవలసిన భేదము

శుద్ధమైన పాలు, శుద్ధమైన నేయి అని మనము వాడుకలో చెప్పుకొనుచుందుము. ఇచ్చట శుద్ధమనగా కల్తీ లేనిదని యర్థము. రసాయనశాస్త్రమునందు ఈ మాటకు అర్థము వేరు. ఆ శాస్త్రము దృష్టిలో పాలు ఎంత స్వచ్ఛమైనవైనను శుద్ధపదార్థము కావు. నీరు, వెన్న, చక్కెర, మాంసకృత్తులు, లవణములు కలిసియున్న మిశ్రమమే పాలు. ఎచ్చట దొరకినను, ఎవరు చేసినను ఒక్కటే కూర్పు గలిగియుండు పదార్థమే శుద్ధపదార్థము. ఇది బడిపిల్లల పాఠమువలె తోచవచ్చును గాని, ఎరువుల సంచికి సొమ్ము చెల్లించు రైతునకు దీనితో నిత్యము పని కలదు.

శుద్ధపదార్థములు రెండు తెగలు. గంధకము, రాగి, ఇనుము వంటివి మూలకములు. కొన్ని మూలకములు నిర్ణీతమైన పాళ్ళలో సంయోగము చెందగా నేర్పడినవి సమ్మేళనములు. ఈ పాళ్ళు మారవను సంగతిని 18వ శతాబ్దము చివర ఫ్రాన్సు దేశీయుడగు ప్రూస్టు పండితుడు నిరూపించెను. మన డోన్, బేతంచెర్ల ప్రాంతములందలి సున్నపురాయినే చూడుడు. అందలి ముఖ్యపదార్థము కాల్షియం కార్బొనేటు. ఇది శుద్ధముగా 100 కిలోలున్నచో, పూర్తిగా కాల్చిన పిమ్మట 56 కిలోల సున్నము మిగులును. 44 కిలోలు బొగ్గుపులుసు వాయువై పోవును. ఈ లెక్క డోన్‌లో నెట్లో ఫ్రాన్సులోను అట్లే. కాని గనినుండి వచ్చు రాయి కార్బొనేటు మాత్రమే కాదు. బంకమన్ను, ఇసుక మొదలైనవి అందు చేరియుండును. అందుచేత ఒక గని రాతికి వచ్చిన సున్నము వేరొక గని రాతికి రాదు. శుద్ధపదార్థపు లెక్క ప్రకృతి వ్రాసినది. మిశ్రమపు లెక్కను పరీక్షించి తెలిసికొనవలసినదే.

మిశ్రమమును విడదీయు విద్య రైతునకు క్రొత్త కాదు. కళ్ళములో తూర్పారబట్టుట, జల్లించుట అదే గదా. పూర్వము చౌడుమట్టిని నీట కలిపి, వడగట్టి, ఆ నీటిని కాచి ఉప్పు తీసెడివారు. సమ్మేళనము మాత్రము చేటకును జల్లెడకును లొంగదు.

ఇక యూరియా సంగతి. ఇది సమ్మేళనము. దీని 60 పాళ్ళలో 28 పాళ్ళు నత్రజని. అనగా నూటికి 46 కంటె కొంచెము హెచ్చు. సంచిపై 46 అని యుండుటకు కారణమిదే. 45 కిలోల సంచిలో నత్రజని 20.7 కిలోలు. 2015 నుండి మన దేశమున తయారగు యూరియాకు వేపనూనె పూయుట విధి యైనది గనుక, శాస్త్రపు పట్టుదలతో చూచినచో సంచిలోనిది కేవల శుద్ధపదార్థము కాదు. ఐనను పరీక్షకు అడ్డులేదు. శుద్ధపదార్థమునకు కరగు వేడిమియు నిర్ణీతమే. యూరియా 133 డిగ్రీల వద్ద కరగును. కొన్ని గుళికలను ఇనుప గరిటెలో నుంచి ఆరుబయట వేడిచేసినచో నీరువలె కరగి, మంట పెంచగా పొగయై పోవును. ఆ పొగ పీల్చరాదు. ఉప్పో, ఇసుకయో కలిపియున్నచో అది గరిటెలో మిగిలిపోవును. నీటిలో వేసి చూచుట ఒక్కటే చాలదు. యూరియా కరగునప్పుడు నీరు చల్లబడుట నిజమే గాని, కల్తీ ఉప్పుకూడ నీట కరగునుగదా.

మిశ్రమ మనినంతనే హీనమని తలంపరాదు. సింగిల్ సూపర్ ఫాస్ఫేటు మిశ్రమమే. 1842లో ఇంగ్లండున లాస్ అనునతడు దీని తయారీకి హక్కుపత్రము పొందెను. భాస్వరపు రాతిపై గంధకామ్లము పోయగా, మొక్కకు అందు భాస్వరలవణమును, జిప్సమును కలిసియే ఏర్పడును. 50 కిలోల సంచిలో భాస్వరము, ఆక్సైడు లెక్కన, 8 కిలోలు మాత్రమే. అదే డి.ఎ.పి. సంచిలో 23 కిలోలు. ఈ రెండంకెలు మాత్రమే చూచి డి.ఎ.పి. వైపు మొగ్గు వేరుసెనగ రైతు లెక్కలో ఒక భాగమును విడిచినవాడగును. సూపరులోని జిప్సము ద్వారా కాల్షియమును, గంధకమును పైరునకు అందుచున్నవి; ఊడలు దిగి కాయ ఊరుటకు, గింజలో నూనె పట్టుటకు ఇవి కావలెను. డి.ఎ.పి.లో ఇవి లేవు. దానిని వాడినవారు ఊడలు దిగు సమయమున జిప్సమును వేరుగా వేయుట మరువరాదు.

సంచిలో ఏ పోషకము నూటికెంతయో ముద్రింపవలెనని 1985 నాటి ఎరువుల నియంత్రణ ఉత్తరువు విధించుచున్నది. మిశ్రమపు ఎరువునకు ఈ ముద్రయే ప్రాణము, అందలి పాళ్ళు కలిపినవాని చేతిలోనివి గనుక. వేర్వేరు పరిమాణముల గుళికలు కలిపిన సంచిలో బండి కుదుపులకు చిన్నవి అడుగునకు, పెద్దవి పైకి చేరును. అట్టిదానిని పైనుండి పిడికెడు తీసి పరీక్షించుట వ్యర్థము. అడుగున, నడుమ, పైన తీసి కలిపిన నమూనాయే నమూనా. రసీదు లేని సంచిపై ఫిర్యాదు నిలుచుట కష్టము.

కొన్ని కలయికలు మిశ్రమముగా నిలువక మార్పు చెందును. డి.ఎ.పి. గుళికలను సున్నముతో నలిపినచో ముక్కు పగులునంత ఘాటు వాసన వచ్చును, అది అమ్మోనియా. డి.ఎ.పి.ని గుర్తించుటకు ఈ పరీక్ష మంచిదే, కాని వాసనరూపమున పోవుచున్నది మీరు కొన్న నత్రజనియే. కావున డి.ఎ.పి.ని గాని, అమ్మోనియం సల్ఫేటును గాని సున్నముతోను, కట్టెల బూడిదతోను కలిపి చల్లరాదు.

బత్తాయి, నిమ్మ తోటలవారు వాడు బోర్డో మిశ్రమము పేరునకే మిశ్రమము. ఫ్రాన్సు ద్రాక్షతోటల తెగులునకు మిల్లార్డే పండితుడు 1885లో దీనిని లోకమునకు తెలిపెను. ఒక కిలో మైలుతుత్తమును, ఒక కిలో సున్నమును వేరువేరుగా నీట కలిపి, తుదకు 100 లీటర్లగునట్లు చేర్చుదురు. ఇనుప పాత్ర పనికిరాదు. మట్టిదో, ప్లాస్టికుదో కావలెను. రెండును చేరగానే మైలుతుత్తము మైలుతుత్తముగా నుండక, ఆకును కాల్చని క్రొత్త రాగి సమ్మేళనములుగా మారును. ఇచ్చటనే మన సున్నపు పరీక్ష. గాలి తగిలి చాలకాలము పడియున్న సున్నము కొంత మరల కార్బొనేటుగా మారి మిశ్రమమై యుండును. తూకమునకు కిలోయే యైనను పనికి కిలో కాదు. సున్నము చాలనిచో రాగి మిగిలి లేతాకు మాడును. అందుచేత పిచికారీకి ముందు మెరుగు పెట్టిన ఇనుప కత్తిని ఆ ద్రవములో కొన్ని నిమిషములు ముంచి తీయవలెను. కత్తిపై ఎర్రని రాగిపూత పట్టినచో మరికొంత సున్నపునీరు పోసి, పూత పట్టనంతవరకు మరల ముంచి చూడవలెను.