గాలి సరే, మోసేదెవరు?

చూడమ్మా, నాలుగు మెట్లెక్కితే ఆయాసం వస్తోందని ప్రాణాయామం మొదలుపెట్టావు. మంచి పనే. కానీ ఆ ఆయాసం ఊపిరితిత్తులదా, రక్తానిదా అన్నది ముందు తేల్చుకోవాలి.

పీల్చిన గాలిలోని ఆక్సిజన్ రక్తంలో కరిగేది బహు స్వల్పం. 100 మిల్లీలీటర్ల రక్తంలో 0.3 మిల్లీలీటర్లే. మిగతాదంతా ఎర్రకణాల్లోని హిమోగ్లోబిన్ మోయాల్సిందే. ఒక గ్రాము సుమారు 1.34 మిల్లీలీటర్లు మోస్తుంది. అదే 100 మిల్లీలీటర్ల రక్తంలో హిమోగ్లోబిన్ 15 గ్రాములుంటే దాదాపు 20 మిల్లీలీటర్ల ఆక్సిజన్ చేరుతుంది. 7 గ్రాములే ఉంటే తొమ్మిది చిల్లరతో సరి.

మరి వేలికి తగిలించే ఆక్సీమీటరు 98 చూపిస్తోందే అంటావేమో! హిమోగ్లోబిన్‌ను బస్సనీ, ఆక్సిజన్‌ను ప్రయాణికులనీ అనుకో. బస్టాండులోంచి బయల్దేరే బస్సులన్నీ కిటకిటలాడుతూనే ఉంటాయి, కానీ ఉన్నవే సగం బస్సులు. ఆ మీటరు సీట్లు నిండాయా లేదా అనే చూస్తుంది, బస్సుల్ని లెక్కపెట్టదు. అది తెలియాలంటే రక్తపరీక్షే గతి.

అలాగని శ్వాస వ్యాయామం వృథా కాదు. ఛాతీకీ పొట్టకీ మధ్య డయాఫ్రం అనే కండరం ఉంది. దానికీ ఆక్సిజన్ కావాలి. రక్తం తక్కువైతే అదీ తొందరగా అలసిపోతుంది. సాధన చేస్తే బలపడుతుంది, ఊపిరి నిదానిస్తుంది. పొట్ట మీద చెయ్యి పెట్టుకుని, చెయ్యి పైకి లేచేలా ముక్కుతో పీల్చు. పెదాలు సన్నగా చేసి, పీల్చినదానికి రెట్టింపు సేపు వదులు. తల తిరిగితే ఆపెయ్యి. ఎంత చేసినా హిమోగ్లోబిన్ మాత్రం దీనివల్ల పెరగదు తల్లీ, దానికి ఇనుము కావాలి.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ల ఆడవాళ్లలో రక్తహీనత ఉన్నవాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. ఒంటికి ఇనుము అందాలంటే, ఇంటిల్లిపాదికీ వడ్డించి మిగిలింది తినే అలవాటు ఇకనైనా పోవాలి.

గర్భం లేని ఆడవాళ్లకు హిమోగ్లోబిన్ 12 గ్రాములకు తగ్గితే రక్తహీనతే. కారణం నెలసరిలో ఎక్కువ రక్తం పోవడమా, నులిపురుగులా, బి12 లోపమా అన్నది డాక్టరు తేలుస్తారు. ఐరన్ మాత్ర ఇస్తే టీతో వేసుకోకు, ఇనుము ఒంటికి పట్టదు. నిమ్మరసంతో వేసుకో. మాత్ర వల్ల విరేచనం నల్లగా అయితే కంగారుపడకు. నీరసం తగ్గగానే మానెయ్యకు, ఒంట్లో ఇనుము నిల్వలు నిండడానికి ఇంకా కొన్ని నెలలు పడుతుంది. కూర్చున్నా ఆయాసం, గుండెల్లో నొప్పి ఉంటే మాత్రం వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

ప్రాణాయామం మానకు, రక్తపరీక్ష వాయిదా వెయ్యకు.