మూసీ నీటితో సేద్యము: రైతులకు సూచనలు

చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్ నగర్ పేటలలో వాడి విడిచిన నీరు ఎక్కడికి పోవునో ఎరుగుదురా? హుస్సేన్ సాగర్ మిగులునీటి నాలా అశోక్ నగర్, చిక్కడపల్లి వైపులనుండి సాగి మూసీలో కలియును. ఈ పేటల మురుగునకును తుది గమ్యము మూసీయే. అంబరుపేటలో దినమునకు 33 కోట్ల 90 లక్షల లీటర్లను శుద్ధిచేయు కేంద్రమున్నను, శుద్ధికాని మురుగు ఇంకను నదిలో పడుచున్నది. దిగువన ప్రతాపసింగారం, ఏదులాబాదు రైతులు ఆ నీటితోనే వరి పండింతురు.

మురుగు కుళ్లునపుడు సూక్ష్మజీవులు నీటిలోని ప్రాణవాయువును హరించును. చేపలు ఊపిరాడక చచ్చును. మురుగులోని నత్రజని పైరుకు ఎరువే. కాని మితిమీరినచో వరి ఏపుగా పెరిగి పడిపోవును, తాలు హెచ్చును. మలముతో వచ్చు కొంకిపురుగు పిల్లలు వట్టి కాళ్ల చర్మముగుండ లోనికి ప్రవేశించి రక్తహీనత కలిగించును.

కావున ఈ జాగ్రత్తలు పాటింపుడు:

1. నీటిని, మట్టిని పరీక్ష చేయించి, ఆ ప్రకారము యూరియా తగ్గింపుడు.
2. రబ్బరు బూట్లతోనే మడిలో దిగుడు. పని ముగియగానే సబ్బుతో కాళ్లు చేతులు కడుగుకొనుడు.
3. పచ్చిగా తిను కొత్తిమీర, పుదీనలకు ఈ నీరు పెట్టకుడు.
4. నదికి చేరువనున్న బావుల నీటిని పరీక్ష చేయించనిదే త్రాగకుడు.

గ్రామోద్యోగులు మడులలో పనిచేయు కూలీలకు ప్రాథమిక ఆరోగ్య కేంద్రమున నులిపురుగుల మందు అందునట్లు చూడవలెను. పంట ఎంత ముఖ్యమో, పండించు మనిషి ఆరోగ్యమును అంతే ముఖ్యము.