నిద్ర లేచిన పాత పికప్: పనికా, ముచ్చటకా?

పొయ్యి వెలగడం మానేసిన పొగాకు బ్యారను, ఎప్పుడో మూతపడిన బియ్యపు మిల్లు వెనుక రేకుల షెడ్డు, పంపకాలు తెగని ఉమ్మడి ఇంటి గొడ్ల సావిడి. ఇలాంటి చోట్ల తలుపులు తీసినప్పుడు అప్పుడప్పుడు దుమ్ము కింద నుంచి ఒక పాత జీపు పికప్ బయటపడుతుంది. తాతగారు కొన్నది, ఆయన పోయాక కదలనిది. ఎవరో మెకానిక్‌ను పిలిపిస్తారు. కొత్త బ్యాటరీ కట్టి, నాలుగు రోజులు తంటాలు పడి స్టార్టు చేయిస్తారు. పైన రంగు కొట్టిస్తారు. "పాతికేళ్ళు నీడపట్టున ఉన్న బండి, చెక్కు చెదరలేదు" అన్న కబురు ఊళ్ళు దాటుతుంది. కొనేవారు బయలుదేరతారు.

ఈ కొనేవారిలో రెండు రకాలున్నారు. పాత బండి మీద ముచ్చటతో వచ్చేవారు కొందరు. తక్కువలో దొరికితే పాల క్యాన్లు, మిరప టిక్కీలు, కూరగాయల బుట్టలు తోలుకొని నాలుగు డబ్బులు చూద్దామని వచ్చేవారు మరికొందరు. మొదటివారికి నష్టం వచ్చినా ముచ్చటైనా తీరుతుంది. రెండోవారు చాలావరకు అప్పు తెచ్చి కొంటారు. బండి రోడ్డెక్కకపోయినా వడ్డీ మాత్రం ఎక్కుతూనే ఉంటుంది. అందువల్ల బండి చూడడానికి వెళ్ళే ముందే ఇది పనికా, ముచ్చటకా అన్నది తేల్చుకోవడం మంచిది. రెండింటికీ చట్టం వేరు, ఖర్చు వేరు.

ఏ కాలపు బండి?

రెండో ప్రపంచ యుద్ధంలో పేరు తెచ్చుకున్న విల్లీస్ జీపులను మన దేశంలో బిగించి అమ్మడం 1940ల చివర మహీంద్రా సంస్థ మొదలుపెట్టింది. 1965 నుంచి ఆ సంస్థ తేలికరకం రవాణా బండ్లు కూడా తయారు చేసింది. వాటిలో ఎఫ్‌సీ-150 పికప్‌ను పెద్దవారు ఇప్పటికీ గుర్తుపడతారు. ముందు ముక్కు ఉండదు. డ్రైవరు ఇంజను మీద కూర్చున్నట్టే ఉంటాడు. అందువల్ల బండి పొట్టిగా ఉన్నా వెనుక తొట్టి పెద్దదిగా వచ్చింది. ఇంజను నాలుగు సిలిండర్ల పెట్రోలుది, 2.2 లీటర్లది. జీపుకు వాడిందే దీనికీ వాడారు.

1973 చమురు సంక్షోభం తరువాత పెట్రోలు ధర పెరిగింది. దానితో చాలామంది పెట్రోలు ఇంజను దింపేసి డీజిలు ఇంజను ఎక్కించుకున్నారు. ఆనాడు అది తెలివైన పనే. అయితే ఈనాడు కొనేవారికి అదే చిక్కు తెచ్చిపెట్టవచ్చు. మార్చిన ఇంజను సంగతి ఆర్‌సీ పుస్తకంలో ఎక్కించారా లేదా అన్నది ముందు చూడాలి. ఎక్కించకపోతే పుస్తకంలో ఒక నంబరు, ఇంజను మీద మరో నంబరు ఉంటాయి. తనిఖీలో ఆ బండి నిలవదు.

ముందు పుస్తకం, తరువాత బానెట్

అమ్మేవారు మొదట ఇంజను స్టార్టు చేసి వినిపిస్తారు. కొనేవారు మొదట ఆర్‌సీ పుస్తకం అడగాలి. ఛాసీ నంబరు ఛాసీ మీద చెక్కినచోట, ఇంజను నంబరు ఇంజను దిమ్మె మీద స్వయంగా చదవాలి. రంగు కింద కనిపించకపోతే గుడ్డతో కిరసనాయిలు రాసి తుడిచి చూడాలి. పుస్తకంతో ఒక్క అంకె తేడా వచ్చినా బేరం అక్కడే ఆపాలి.

ఇప్పటి మోటారు వాహనాల చట్టం 1989 జూలై 1 నుంచి అమలులోకి వచ్చింది. అంతకు ముందు బండ్లకు మూడక్షరాల నంబర్లు ఉండేవి. తరువాత జిల్లా అంకెలు వచ్చాయి, గుంటూరుకు 7, కృష్ణాకు 16. పాత మూడక్షరాల బండి అయితే దాని వివరాలు రవాణా శాఖ కంప్యూటరులోకి ఎక్కాయో లేదో ఆఫీసులో కనుక్కోవాలి. ఎక్కకపోతే అసలు పుస్తకం చూపి ఎక్కించుకొన్న తరువాతే పేరు మార్పిడి సాగుతుంది. పుస్తకం చెదలు తిన్నదంటే ఆ పని మరింత కష్టం.

పుస్తకంలో పేరు ఎవరిదన్నది రెండో ప్రశ్న. తాతగారి పేరున ఉన్న బండిని మనవడు ఒక్కడే అమ్మజూపితే తొందరపడరాదు. యజమాని చనిపోయినప్పుడు వారసుల పేరుకు మార్చడానికి ఫారం 31 ఉంది. వారసులందరి సమ్మతి ఉంటేనే తరువాత తగాదా రాదు. ఈనాడు పైకం పుచ్చుకున్నది అన్నగారైతే రేపు బండి దగ్గరకు వచ్చేది తమ్ముడు కావచ్చు. ముందు వారసుల పేరుకు మార్పించి, ఆ తరువాత ఫారం 29, 30 మీద సంతకాలతో మీ పేరుకు మార్పించుకోవడమే సరైన దారి. ఎప్పుడో తీర్చేసిన ఫైనాన్సు అప్పు కూడా పుస్తకంలో అలాగే మిగిలి ఉండవచ్చు. దానిని కొట్టివేయడానికి అప్పిచ్చినవారు సంతకం చేసిన ఫారం 35 కావాలి. ఆ కంపెనీ ఇప్పుడు లేకపోతే ఏం చేయాలో ఆఫీసులో అడిగిన తరువాతే బయానా ఇవ్వాలి. పాత పన్ను బకాయి ఉందేమో కూడా అప్పుడే తెలుసుకోవచ్చు. ఒకనాటి సమితి జీపును వేలంలో కొన్నదైతే ఆ వేలం కాగితం ఉందా అని అడగాలి.

అమ్మేవారికీ ఇందులో జాగ్రత్త అవసరమే. బండి ఇచ్చేసి పేరు మార్పించకుండా ఊరుకుంటే, రేపు ప్రమాదం జరిగినప్పుడు పరిహారం మెడకు చుట్టుకునేది పుస్తకంలో పేరున్నవారికే. రిజిస్టరులో పేరున్నవారే యజమాని అని 2018లో సుప్రీంకోర్టు కూడా స్పష్టం చేసింది.

బాడుగకు తిప్పవచ్చునా?

సరుకుల బండిగా రిజిస్టరైన పికప్‌కు ఫిట్‌నెస్ పత్రం లేకపోతే రోడ్డు మీద దాని రిజిస్ట్రేషను చెల్లనట్టే లెక్క. ఎనిమిదేళ్ళు దాటిన సరుకుల బండికి ఆ పత్రం ఏటేటా తీసుకోవలసిందే. సొంత వాడకం బండి అయితే రిజిస్ట్రేషను 15 ఏళ్ళకు ముగుస్తుంది. ఆ తరువాత ఐదేళ్ళకొకసారి పునరుద్ధరించుకోవాలి. 2022 ఏప్రిల్ 1 నుంచి 15 ఏళ్ళు దాటిన బండ్ల రుసుములు బాగా పెంచారు. గడువు ఏళ్ళ తరబడి దాటిపోయి ఉంటే ఆలస్య రుసుము కూడా కలుస్తుంది. ఆ మొత్తం ఎంతో ముందుగానే ఆఫీసులో లెక్క వేయించుకోవాలి.

పురాతన వాహనాలకు 2021లో కేంద్రం ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషను జరిగి 50 ఏళ్ళు దాటి ఉండాలి. సొంత వాడకానిదై ఉండాలి. ఛాసీ, బాడీ, ఇంజను పెద్దగా మార్చకుండా అసలు రూపంలో ఉండాలి. అలాంటి బండికి రాష్ట్రం అక్షరాల తరువాత 'వీఏ' అని ఉండే ప్రత్యేక నంబరు ఇస్తారు. పదేళ్ళ రిజిస్ట్రేషనుకు రుసుము 20,000 రూపాయలు, ఆ తరువాత పునరుద్ధరణకు 5,000 రూపాయలు. అయితే ఈ నంబరున్న బండిని రోజువారీ పనులకు గాని, బాడుగకు గాని తిప్పరాదు. ప్రదర్శనకు, ర్యాలీకి, పెట్రోలు పట్టించడానికి, మరమ్మతుకు మాత్రమే బయటకు తీయాలి. ఆ నంబరు తీసుకొని, ఆ బండి మీదే పాలు తోలుకొని అప్పు తీర్చుకుందామంటే కుదరదు. డీజిలు ఇంజను ఎక్కించిన బండికి ఆ నంబరు ఆశ కూడా పెట్టుకోరాదు.

తొట్టి కింద దూరి చూడాలి

కాగితాలు సరిగ్గా ఉన్నాయని తేలాక బండి దగ్గరకు వెళ్ళాలి. నిలవ ఉన్న బండికి మొదటి శత్రువు తుప్పు. నీడన ఉన్నంత మాత్రాన తుప్పు పట్టదని అనుకోరాదు. బాపట్ల, రేపల్లె వైపు సముద్రపు గాలి తగిలిన ఊళ్ళలో షెడ్డులో ఉన్న ఇనుము కూడా పొరలు లేస్తుంది. పల్నాడు మెట్ట ఊరిలో పొడి నేల మీద నిలిచిన బండి కాస్త నయంగా ఉంటుంది. కొత్త రంగు చూసి మోసపోకుండా చేతిలో చిన్న అయస్కాంతం తీసుకువెళ్ళాలి. డోరు అడుగున, తొట్టి మూలల్లో అది అతుక్కోకపోతే అక్కడ రేకు లేదు, లప్పం పెట్టి మూశారని అర్థం. అంతకన్నా ముఖ్యమైనది ఛాసీ. కమాను కట్టలు బిగించినచోట స్క్రూడ్రైవరుతో పొడిచి చూడాలి. లోపలికి దిగిందంటే ఆ బండి బరువు మోయదు.

టైర్ల మీద గీతలు నిండుగా ఉన్నాయని మురిసిపోరాదు. నిలిచిన చోటనే రబ్బరు ఎండి పక్కలు పగులుతుంది. ఈ శతాబ్దంలో తయారైన టైరు మీద చివరి నాలుగంకెలు దాని పుట్టుక చెబుతాయి. 2309 అని ఉంటే 2009వ సంవత్సరం 23వ వారంలో తయారైనదని అర్థం. అలాంటి టైర్ల మీద టిక్కీలు ఎక్కించడం ప్రమాదం. స్టెప్నీతో కలిపి ఐదు టైర్ల ఖర్చు బేరంలోనే పెట్టుకోవాలి.

తొందరపడి సెల్ఫ్ కొట్టరాదు

ఏళ్ళ తరబడి ఆగిన ఇంజనుకు బ్యాటరీ పెట్టి ఒక్కసారిగా తిప్పితే, పొడిగా ఉన్న పిస్టన్ రింగులు సిలిండరు గోడలను గీకుతాయి. చేయవలసిన పద్ధతి వేరు. ముందు నాలుగు ప్లగ్గులు తీసి, ఒక్కో సిలిండరులో ఒక చెంచా ఇంజను ఆయిలు పోసి ఒకటి రెండు రోజులు నాననివ్వాలి. తరువాత హ్యాండిలు వేసి చేత్తోనే మెల్లగా తిప్పాలి. పాత ఆయిలు దింపేటప్పుడు అది మజ్జిగలా తెల్లబారి ఉంటే లోపలికి నీరు చేరిందని గుర్తు. ట్యాంకులో మిగిలిన పాత పెట్రోలు జిగురులా మారి కార్బురేటరు సన్న రంధ్రాలను మూసివేస్తుంది. ట్యాంకు కడిగించి, కార్బురేటరు విప్పి శుభ్రం చేయించాలి.

ఇప్పుడు బంకులలో పోస్తున్న పెట్రోలులో 20 శాతం వరకు ఇథనాలు కలుస్తోంది. ఆనాటి రబ్బరు గొట్టాలు, పంపులోని పొర దానికోసం చేసినవి కావు. అవి మెత్తబడి పగిలితే వేడి ఇంజను మీద పెట్రోలు కారుతుంది. దీనికి తోడు ఎలుకలు కొరికిన వైర్లు ఉంటే నిప్పు పుట్టడానికి ఇంకేమీ అక్కరలేదు. గొట్టాలు, వైరింగు మార్చిన తరువాతే స్టార్టు చేయాలి. దగ్గరలో ఇసుక బకెట్లు ఉంచుకోవాలి.

స్టార్టయిన ఇంజను కన్నా ఆగే బ్రేకు ముఖ్యం. బ్రేకు ఆయిలు గాలిలోని తేమ పీల్చుకుంటుంది. అందువల్ల మాస్టర్ సిలిండరు, వీల్ సిలిండర్లు లోపల తుప్పు పట్టి పట్టేస్తాయి. వాటి రబ్బర్లన్నీ మార్పించకుండా రోడ్డెక్కరాదు.

ఇంజను వేడెక్కాక పొగ చూడాలి. నీలి పొగ ఆయిలు కాలుతోందని చెబుతుంది. ఎంతసేపటికీ ఆగని తెల్ల పొగ నీరు లోపలికి వెళుతోందని చెబుతుంది. నాలుగు సిలిండర్ల కంప్రెషను కూడా కొలిపించాలి. అంకె కొంచెం తక్కువైనా నాలుగూ దగ్గర దగ్గరగా ఉంటే ఫరవాలేదు. ఒకటి బాగా పడిపోయి ఉంటే ఇంజను విప్పవలసిందే.

కాగితం మీద లెక్క

బేరానికి కూర్చునే ముందు ఒక తెల్ల కాగితం తీసుకోండి. అడుగుతున్న ధర, ఐదు టైర్లు, బ్రేకు పని, వైరింగు, బ్యాటరీ, రేకు పని, పేరు మార్పిడి, రిజిస్ట్రేషను రుసుము, బీమా - వరుసగా రాయండి. విజయవాడ ఆటోనగర్‌లో పాత జీపు పనులు తెలిసినవారిని అడిగితే ఒక్కోదాని ఖర్చు చెబుతారు. అలాంటి మెకానిక్‌కు రోజు కూలి ఇచ్చి వెంట తీసుకుపోవడం దండుగ కాదు.

అంతా కూడిన తరువాత ఆ మొత్తం, ఫిట్‌నెస్ ఉండి తిరుగుతున్న మామూలు సెకండ్‌హ్యాండు పికప్ ధరకు దగ్గరగా వస్తే, పనికోసం కొనేవారు ఆ రెండోదాన్ని కొనడమే మేలు. ముచ్చటకోసమే కొనేవారు అప్పు తేకుండా, చేతిలో ఉన్న సొమ్ముతో కొనాలి. యాభై ఏళ్ళు దాటి, అసలు ఇంజనుతో, సరైన పుస్తకంతో, గట్టి ఛాసీతో నిలిచిన బండి దొరికితే అది అరుదైన సంగతే. అలాంటి బండి మీ షెడ్డులోనే ఉంటే, తుక్కు కింద తూకానికి వేసే ముందు ఒకసారి ఆర్‌సీ పుస్తకం వెదికి చూడండి.