బూజు ఉందన్నవాడే దులపకూడదు!

అమెరికాలో ఇల్లు కొన్న మనవాళ్లకు అప్పు వాయిదాలతో పాటు గోడల చాటున పెరిగే బూజూ ఓ బెంగే. దాన్ని తీసేస్తామంటూ వచ్చేవాళ్లలో నమ్మదగినవాళ్లెవరు? తెలుసుకోవడానికి టెక్సాస్‌లో ఓ చక్కటి పద్ధతుంది.

ఇది పండక్కి ముందు పొడవాటి కర్రతో దులిపే బూజు కాదు. చెమ్మ తగిలినచోట నల్లగా, పచ్చగా మచ్చలు మచ్చలుగా పాకే ఫంగస్. మన ఇళ్లకు ఇటుక గోడలుంటాయి. అక్కడ ఎక్కువ ఇళ్లను చెక్క చట్రాల మీద జిప్సం పలకలు బిగించి కడతారు. ఆ పలకలకు అంటించిన కాగితం బూజుకు మంచి మేత! అందుకే తడిసినచోటును 24 నుంచి 48 గంటల్లోపు ఆరబెట్టుకోమంటుంది అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ. ఆలస్యమైతే ఇంట్లో ఎలర్జీలూ ఆస్తమా ఉన్నవాళ్లకి తిప్పలే. 2017 ఆగస్టులో హార్వీ తుపానుకు హ్యూస్టన్‌లో వేల ఇళ్లు మునిగినప్పుడు, నీళ్లు తీశాక జనం ముందున్న పెద్ద పని ఇదే.

కోర్టుకెక్కిన బూజు

టెక్సాస్‌లోని డ్రిప్పింగ్ స్ప్రింగ్స్‌లో ఓ పెద్ద ఇంట్లో నీళ్లు లీకై బూజు పట్టింది. బీమా సంస్థ క్లెయిమును సరిగా పట్టించుకోలేదంటూ యజమాని కోర్టుకెళ్తే, 2001లో జ్యూరీ 3.2 కోట్ల డాలర్లు ఇవ్వమంది. 2002లో పైకోర్టు దాన్ని 40 లక్షలకు తగ్గించినా, అప్పటికే బూజు పేరు దేశమంతా మారుమోగింది. ఆ మరుసటి ఏడాదే, అంటే 2003లో, ఈ పని చేసేవాళ్లకు లైసెన్సు ఉండాలంటూ టెక్సాస్ చట్టం తెచ్చింది.

అందులో అన్నిటికన్నా ముఖ్యమైన నియమం ఒకటుంది. ఇంటిని పరీక్షించి బూజు ఎంతుందో చెప్పేవాళ్లు వేరు, తొలగించేవాళ్లు వేరు. ఒకే ఇంటికి ఒకే సంస్థ రెండు పనులూ చేయకూడదు. ఎందుకంటే... తీసేందుకు డబ్బులు తీసుకునేవాడే పరీక్షా చేస్తే, గోరంత మచ్చ కొండంత అవుతుంది!

ఇవి అడగండి

* లైసెన్సు నంబరు: బూజు ఒకేచోట 25 చదరపు అడుగులు, అంటే అయిదడుగుల పొడవు, అయిదడుగుల వెడల్పు మేర ఉంటే లైసెన్సు ఉన్నవాళ్లే తీయాలి. టెక్సాస్ లైసెన్సింగ్ శాఖ వెబ్‌సైట్లో నంబరు కొడితే అది అసలుదో కాదో, గడువుందో లేదో తెలుస్తుంది. గతంలో చర్యలేమైనా తీసుకున్నారేమో కూడా చూడొచ్చు.

* రాతపూర్వక ప్రణాళిక: ఏయే గది, ఎంత మేర, ఎలా తీయాలన్నది పరీక్షించినవాళ్లు రాసివ్వాలి. దాన్ని బట్టి కాంట్రాక్టరు తన పని ప్రణాళిక ఇవ్వాలి.

* బీమా: కాంట్రాక్టరుకు కనీసం 10 లక్షల డాలర్ల బీమా ఉండాలి. ఆ పత్రం చూపించమనండి.

* ముందస్తు సమాచారం: పని మొదలుపెట్టడానికి అయిదు రోజుల ముందే కాంట్రాక్టరు శాఖకు తెలియజేయాలి. అత్యవసరమేమీ లేకుండానే ‘ఇవాళే మొదలెట్టేద్దాం’ అంటే ఆలోచించాల్సిందే.

* ముగింపు సర్టిఫికెట్: పని పూర్తయ్యాక మళ్లీ పరీక్షించి, బూజు పోయిందనీ దానికి కారణమైన చెమ్మనూ సరిచేశారనీ ధ్రువీకరించాలి. ఈ కాగితాన్ని భద్రంగా దాచుకోవాలి. ఇల్లు అమ్మేటప్పుడు గత అయిదేళ్లలో వచ్చిన ఇలాంటి సర్టిఫికెట్లన్నీ కొనేవాళ్లకు ఇవ్వాలి మరి.

ఈ మాటలకు పడిపోవద్దు

‘పర్యావరణ పరిరక్షణ సంస్థ మాకు గుర్తింపునిచ్చింది’ అని ఎవరైనా అంటే నమ్మొద్దు. బూజు కాంట్రాక్టర్లకు ఆ సంస్థ ఎలాంటి గుర్తింపూ ఇవ్వదు. శిక్షణ సంస్థలిచ్చే సర్టిఫికెట్లు మంచివే కానీ, లైసెన్సు అడిగే రాష్ట్రంలో అవి దానికి బదులు కావు. ఫ్లోరిడా, న్యూయార్క్‌లలోనూ లైసెన్సు తప్పనిసరే. చాలా రాష్ట్రాల్లో ఆ నిబంధనే లేదు. అక్కడ శిక్షణ పత్రాలూ, బీమా, గతంలో పని చేయించుకున్నవాళ్ల అభిప్రాయాలే ఆధారం. ఇక, మందు చల్లి పైన రంగేసి వెళ్లిపోయేవాళ్లను గడప తొక్కనివ్వకపోవడమే మేలు. లీకేజీ ఆగకపోతే బూజు మళ్లీ వస్తుంది.

మరి మన దగ్గర?

మనకు ఈ పనికి ప్రత్యేక లైసెన్సంటూ లేదు. కానీ టెక్సాస్ సూత్రాన్ని పాటించడానికి చట్టమే అక్కర్లేదు. గోడ చెమ్మగిల్లితే, వాటర్‌ప్రూఫింగ్ కాంట్రాక్టరును పిలిచేముందు, ఆ పనితో సంబంధం లేని సివిల్ ఇంజినీరుకు చూపించండి. నీళ్లు పైకప్పు నుంచా, పైపు నుంచా, పక్కింటి బాత్‌రూమ్ నుంచా అన్నది తేలాకే బేరం మాట్లాడండి. కాంట్రాక్టరు ఇచ్చిన జీఎస్టీ నంబరును పోర్టల్లో సరిచూసుకోండి. గ్యారంటీ నోటిమాటగా కాకుండా కాగితం మీద రాయించుకోండి. కుదిరితే చివరి వాయిదా ఒక గట్టి వాన చూశాక ఇచ్చేలా ఒప్పందం చేసుకోండి. పనితనాన్ని వానకన్నా బాగా పరీక్షించేవాళ్లు లేరు!