గుంజీళ్లు తీసిన మూడో రోజు

సెలవు రోజు సాయంత్రం. క్యాంపులో మూడో అంతస్తు నుంచి మెస్‌కు దిగుతున్నాం. మా ముందు ఓ కుర్రాడు రెయిలింగ్‌ను రెండు చేతులా పట్టుకుని, పీతలా పక్కకు తిరిగి ఒక్కో మెట్టూ దిగుతున్నాడు. పాతికేళ్లు కూడా ఉండవు.

"ఏందిరా తమ్మీ, గట్ల దిగుతున్నవ్?"

"మొన్న జిమ్ముల వంద గుంజీళ్లు తీసిన అన్నా. తొడలు పట్టేసినయ్. కూసుంటే లేవొస్తలేదు, లేస్తే కూసోవొస్తలేదు."

సెల్‌ఫోన్‌లో ఎవరో కండల వీరుడి వీడియో చూశాడట. స్క్వాట్స్ అని ఇంగ్లిషులో పేరు పెట్టారు గానీ, చిన్నప్పుడు బళ్లో ఎక్కాలు రాకపోతే పంతులుగారు తీయించిన గుంజీళ్లే కదా అవి! ఇప్పుడు మనమే ఇష్టపడి తీస్తున్నాం. తీసిన రోజు బాగానే ఉంటుంది. మర్నాడు పొద్దున మంచం దిగేటప్పుడు తెలుస్తుంది అసలు సంగతి.

ఇంతకీ ఆ నొప్పి ఎందుకు వస్తుంది? 'లాక్టిక్ ఆమ్లం పేరుకుపోయింది' అని జిమ్ముల్లో చాలామంది చెబుతుంటారు. అది నిజం కాదు. పని ఆపిన గంట, రెండు గంటల్లోపే ఒళ్లు దాన్ని ఖర్చు చేసేసుకుంటుంది. ఎల్లుండి వచ్చే నొప్పికి దాన్ని బాధ్యుణ్ని చేస్తే ఎలా? అలవాటు లేని బరువు పడినప్పుడు కండరంలోని సన్నటి పోగులకు, వాటి చుట్టూ ఉండే పొరలకు కంటికి కనిపించని దెబ్బలు తగులుతాయి. 1902లోనే థియోడర్ హఫ్ అనే అమెరికా శాస్త్రవేత్త ఈ ఆలస్యపు నొప్పికి కారణం కండరం లోపలి చిరుగులేనని ఊహించాడు. ఒళ్లు ఆ దెబ్బల్ని బాగుచేసుకునే క్రమంలో అక్కడ వాపు వస్తుంది, నరాలు సున్నితమవుతాయి. దీనికి టైము పడుతుంది కాబట్టే నొప్పి 12 నుంచి 24 గంటల తర్వాత మొదలై, రెండో రోజో మూడో రోజో బాగా ముదిరి, వారంలోపు పోతుంది.

ఇంకో విచిత్రం ఉంది. ఎక్కడం కంటే దిగడమే కండరానికి ఎక్కువ చేటు. అలిపిరి నుంచి తిరుమలకు 3,550 మెట్లు ఎక్కినవాళ్లకు ఎక్కేటప్పుడు ఆయాసం వస్తుంది. అదే దారిన కాలినడకన దిగి చూడండి, రెండో రోజు తొడలు ఏమంటాయో! ఘాట్ రోడ్డు దిగే లారీ బ్రేకుల మీద భారం పడ్డట్టు, దిగేటప్పుడు తొడ కండరం ఒకపక్క సాగుతూనే ఇంకోపక్క ఒంటి బరువును ఆపుతుంది. గుంజీలులో కిందికి కూర్చునేటప్పుడూ ఇదే జరుగుతుంది. సైట్లో సిమెంటు బస్తానో టైల్స్ పెట్టెనో మోస్తూ మెట్లు దిగేటప్పుడూ ఇదే.

అందుకే ఇది జిమ్ము కుర్రాళ్ల గొడవ మాత్రమే కాదు. ఊరెళ్లి రెండు మూడు నెలలు ఉండొచ్చినవాళ్లకు మొదటి వారం నరకంలా ఉండేది ఇందుకే. ఒకసారి నొప్పి పడ్డ కండరం గట్టిపడి, అదే పని మళ్లీ చేస్తే అంతగా నొప్పి పెట్టదు. ఆ రక్షణ కొన్ని వారాలు, మహా అయితే కొన్ని నెలలు. ఊళ్లో పెళ్లిళ్లు, పండగలు, అత్తారింటి విందులు అయ్యేసరికి అదీ కరిగిపోతుంది. ఎండకు పడిన అలవాటు ఇంకా త్వరగా పోతుంది. మళ్లీ అలవాటు పడటానికి వారం నుంచి రెండు వారాలు కావాలి. యూఏఈలో జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12.30 నుంచి 3 గంటల వరకు ఎండలో పని నిషేధం. కువైట్‌లో జూన్ నుంచి ఆగస్టు వరకు 11 నుంచి 4 దాకా. కానీ ఆ నిబంధన ఎండకే. ఏసీ బిగించని భవనం లోపల ఉక్కపోతకు అడ్డేముంది?

'వేడి చేసింది' అనుకుంటే...

మా గదిలో కడప వైపు పెద్దాయన ఒకరుండేవారు. ఓ జులైలో సెలవు ముగించుకుని వచ్చిన రెండో రోజే డ్యూటీకి దిగారు. సైట్లో లిఫ్టు పనిచేయడం లేదు. రెండు రోజులు మెట్ల మీదే సామాను మోత. తొడలు, నడుము రాయిలా బిగుసుకుపోయాయి. ఎవరో ఇచ్చిన నొప్పి బిళ్లలు పూటకు రెండు చొప్పున మింగారు. మూడో రోజు మూత్రం డికాషన్ రంగులో వచ్చింది.

"వేడి చేసిందిలే నాయనా, రెండు గ్లాసులు మజ్జిగ తాగితే పోతాది" అన్నారు. సిక్ లీవు పెడితే ఎక్కడ జీతం కోస్తారో అని ఆయన భయం. ఆ భయం మనకు తెలియంది కాదు. మేం బలవంతాన ఆస్పత్రికి తీసుకెళ్లాం. రక్తంలో సీకే అనే పరీక్ష చేసి, వెంటనే సెలైన్ ఎక్కించారు. కండరం మరీ ఎక్కువగా దెబ్బతింటే అందులోని మయోగ్లోబిన్ అనే పదార్థం రక్తంలోకి కారుతుందట. వడగట్టలేక కిడ్నీలు దెబ్బతింటాయి. ఎండకు ఒంట్లో నీరు తగ్గి, పైన డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటి బిళ్లలు పడితే కిడ్నీలకు ఇంకా ముప్పు. ఇంకొక్క రోజు ఆగి ఉంటే కిడ్నీలు పోయేవేమో అన్నారు డాక్టర్.

నీళ్లు చాలకపోతే మూత్రం ముదురు పసుపుగా రావడం మనందరికీ మామూలే. నీళ్లు తాగితే అది తేటపడుతుంది. కానీ టీ డికాషన్‌లాగో కోలాలాగో వస్తే, కాళ్లు వాచి బలం లేకుండా పోతే, అది వేడి కాదు. గంటలు లెక్కపెట్టకుండా ఆస్పత్రికి వెళ్లాలి. 'ఎండలో బరువు పని చేశాను, ఈ బిళ్లలు వేసుకున్నాను' అని డాక్టరుకు చెప్పాలి, దాచకూడదు. ఒక్క పిక్క మాత్రమే వాచి, వెచ్చగా ఉండి నొప్పి పెడుతున్నా ఆలస్యం చేయొద్దు. అది రక్తనాళంలో గడ్డ కావచ్చు. దాన్ని మర్దన చేయకూడదు. దానితోపాటు ఆయాసం వస్తే అంబులెన్సు పిలవాలి. యూఏఈలో 998, సౌదీలో 997, కువైట్‌లో 112.

మామూలు నొప్పికి ఇంత హడావుడి అక్కర్లేదు. మంచం ఎక్కి పడుకోవడం కంటే మెల్లగా నడవడం మేలు. గోరువెచ్చటి నీళ్లు, నూనెతో తేలికపాటి మర్దన హాయినిస్తాయి. కాళ్లు సాగదీస్తే పోతుందంటారు గానీ దానివల్ల తేడా పెద్దగా ఉండదు. గుడ్డో పప్పో తిని, బాగా నిద్రపోవాలి. తప్పదనుకుంటే పారాసెటమాల్, అదీ అట్ట మీద రాసిన మోతాదు దాటకుండా.

మెట్ల దగ్గర కుర్రాడు అడిగాడు, "మళ్ల ఎప్పుడు తియ్యాలె అన్నా?"

"నొప్పి పూర్తిగ పోనియ్. తర్వాత పది తియ్. ఒళ్లు ఆపుకుంట మెల్లగ కూసో. వారానికి అయిదు చొప్పున పెంచుకుంట పో."

"పదేనా? నవ్వుతరన్నా!"

పదితోనే మొదలుపెట్టాడు. మర్నాడు మెస్‌కు రెయిలింగ్ పట్టుకోకుండా దిగాడు. కడప పెద్దాయన ఆ తర్వాత ఇంకో రెండేళ్లు మాతోనే పనిచేశారు. సెలవు నుంచి తిరిగొచ్చిన కుర్రాడెవరైనా కనిపిస్తే, కుశలం అడిగే ముందే, "నీళ్లు తాగినావా అబ్బీ?" అనేవారు.